మా నాయనమ్మ పట్టుకున్న ఇంగ్లీషు ముక్క

నా చిన్నప్పుడు మా ఊరందరికీ వచ్చిన ఇంగ్లీషు మాట ఒకటే. లేటు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. గుంటూరుకు పడమటగా, నల్లరేగడి చేల మధ్య మా ఊరు. ఊరికి కూతవేటు దూరంలో చిన్న స్టేషను. ఆ దారిన వచ్చే పాసింజరు బండి ఏనాడూ వేళకు వచ్చిన పాపాన పోలేదు. స్టేషనుకు వెళ్ళిన ప్రతివాడూ బండికి బదులు ఆ మాట మోసుకుని తిరిగొచ్చేవాడు. అలా ఊళ్ళోకి దిగిన మాట ఇంకెక్కడికీ పోలేదు. వాన లేటు, కూలీలు లేటు, ఈనబోయే గేదె కూడా లేటు. వేలిముద్ర తప్ప సంతకం ఎరగని మా నాయనమ్మ సైతం నేను అన్నానికి ఆలస్యంగా వస్తే "ఏమే, బండి లేటా?" అని ఎగతాళి చేసేది. ఆలస్యం అనే మాట మాకు లేక కాదు. ఆలస్యం అంటే ఎవరిదో తప్పున్నట్టుంటుంది. లేటంటే ఎవరి తప్పూ లేదు, వచ్చేది ఎలాగూ వస్తుంది, మనం కాస్త ఓపిక పట్టాలి. మావాళ్ళకు అందుకే అది అంత నచ్చిందనుకుంటాను.

మా నాన్న గుంటూరులో ఒక మిర్చి షావుకారు దగ్గర గుమాస్తాగా ఉండేవాడు. మాకు సొంత చేను కొంత ఉండేది గానీ దానిమీద ఇల్లు గడిచేది కాదు. మిరపకోతలు అయ్యాక షావుకారు సరుకు రైలు వేగన్లలో కలకత్తా పోయేది. నమ్మకమైన మనిషి ఒకడు వెనకాలే వెళ్ళి, బస్తాలు అక్కడి వ్యాపారికి అప్పజెప్పి రావాలి. ఆ మనిషి మా నాన్న. వెళితే నెలకు గాని వచ్చేవాడు కాదు. వచ్చేటప్పుడు నాకు రిబ్బన్లు, మా అమ్మకు అద్దాల పెట్టె, నాయనమ్మకు మూతికి మైనం పెట్టిన గంగ చెంబు తెచ్చేవాడు. నేనొక్కదాన్నే సంతానం. మా నాన్న కూడా నాయనమ్మకు ఒక్కడే కొడుకు. తాతయ్య ఎలా ఉంటాడో నాకే కాదు, మా నాన్నకు కూడా తెలియదు. మా నాన్న అంత పసివాడుగా ఉన్నప్పుడే ఆయన పోయాడు.

ఆ ఏడు కలకత్తా వెళ్ళిన మా నాన్న నెల దాటినా రాలేదు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం నాయనమ్మ అరుగు మీద కందులు బాగుచేస్తోంది. నేను పక్కన కూర్చుని పుచ్చు గింజలు ఏరుతున్నాను. గొడుగేసుకుని ఒక కొత్త మనిషి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. షావుకారు కొట్లో మా నాన్నతోపాటు పనిచేసే ఆయనట. మా నాన్న పేరు చెప్పి, ఆ పేరుకు ముందు లేట్ అని చేర్చి, వారి ఇల్లు ఇదేనాండీ అని అడిగాడు. చావు కబురు చల్లగా చెప్పాడని మన సామెత. ఈయన చల్లగా కూడా చెప్పలేకపోయాడు పాపం. మంచివాడే. ఆ మాట తెలుగులో అనడానికి నోరు రాక, ఇంగ్లీషులో చుట్టి మా చేతిలో పెట్టాడు.

నాయనమ్మ చేతులు చేటలో ఆగిపోయాయి. ఆయన మొహంకేసి చాలాసేపు చూసింది. తర్వాత, "అవును నాయనా, మావాడు లేటే. ఎండన పడొచ్చావు, కూర్చో, మజ్జిగ తాగు" అంది. ఆయన కూర్చున్నాడు, ఇచ్చిన మజ్జిగ తాగాడు, తల మాత్రం ఎత్తలేదు. లేచి వెళ్ళేటప్పుడు నాయనమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. గుమాస్తాలకు ఇంత మర్యాద ఉంటుందా అనుకున్నాను నేను.

ఆయన తిన్నగా వెళ్ళింది అదే ఊళ్ళో ఉన్న మా మేనమామ ఇంటికి. అక్కడ నోరు విప్పాడు. కలకత్తాలో మా నాన్నకు వాంతులు పట్టుకుని ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట. అక్కడున్న మనవైపు వాళ్ళే పూనుకుని దహనం చేశారట. మా మామయ్య గుండెలు బాదుకుంటూ మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. ఆయన గుమ్మం దాటేలోపే నాయనమ్మ ఎదురెళ్ళి, కబురొచ్చిందయ్యా, మావాడు లేటంట, కంగారు పడేదేం లేదు అని చెప్పింది. మామయ్య కొయ్యబారిపోయాడు. మా అమ్మను పెరట్లోకి తీసుకుపోయి అసలు సంగతి చెప్పాడు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుందట. నాయనమ్మ అప్పటికే ఆయాసం మనిషి. ఉన్న ఒక్క కొడుకూ పోయాడని చెబితే అక్కడికక్కడే పడిపోతుందని అక్కాతమ్ముళ్ళిద్దరూ భయపడ్డారు. మెల్లగా చెబుదామనుకున్నారు. ఆ మెల్లగా అనేది రోజులు దాటి వారాల్లో పడింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నేను నాయనమ్మ పక్షం. నాన్న లేటు, అంతే.

మా అమ్మ సంగతి తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు అన్నం సహించదు. భర్త పోయాడని తెలిసిన మనిషి, అత్తగారి ఎదుట రోజూ పొద్దున్నే అద్దం ముందు కూర్చుని బొట్టు దిద్దుకోవాలి. గొంతెత్తి ఏడవడానికి లేదు. అందుకని కళ్ళంలోంచి తెచ్చిన మిరపకాయల గుట్ట ముందు కూర్చుని పొద్దస్తమానం తొడిమలు తీసేది. మిరప ఘాటుకు ఎవరి కళ్ళయినా కారతాయి. మా వైపు ఆడవాళ్ళు ఏడవాలంటే అంతకంటే మంచి చోటు లేదు, ఎవరూ ఎందుకని అడగరు. నేను అడిగితే, ఈ ఏడు కాయ ఘాటెక్కువే అని చెప్పేది.

నాయనమ్మ మాత్రం వింతగా తయారైంది. వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకూ మావాడు లేటని తనే ముందు చెప్పేది. గాజుల మలారం వాడు వస్తే లోపలికి పిలిచి, అమ్మ వద్దంటున్నా వినకుండా రెండు చేతులకూ నిండా ఎర్రగాజులు తొడిగించింది. బొట్టు కాస్త చిన్నగా కనబడితే మళ్ళీ పెట్టుకొమ్మనేది. ముసలమ్మకు మతి పోయిందని ఊరు జాలిపడింది. మా అమ్మమీద ఆ జాలి కూడా లేదు. మొగుడు పోయాక గాజులు గలగలలాడించుకుంటూ తిరుగుతోందని నూతి దగ్గర అనుకునేవాళ్ళట. నోరున్నమ్మదే ఊరు. మా అమ్మకు నోరు లేదు.

చివరికి మా మామయ్య ఓపిక అయిపోయింది. కర్మ చెయ్యకుండా ఎన్నాళ్ళుంచుతాం, ఆ జీవుడు ఎక్కడ అల్లాడుతున్నాడో అని ఒక రోజు ఖాయం చేశాడు. ఆ రోజు పాలివాళ్ళ ఆడవాళ్ళు వస్తారు, అమ్మను పీట మీద కూర్చోబెట్టి బొట్టు చెరిపి గాజులు పగలగొడతారు. ఈలోగా నాయనమ్మకు ఎవరో ఒకరు చెప్పాలి. ఎవరు చెప్పాలి అనేసరికి అందరూ కాళ్ళవైపు చూసుకున్నారు. అదేం చిత్రమో, సరిగ్గా అప్పుడే నాయనమ్మ నన్ను పిలిచి, ఆ లేటు అనే మాటకు అర్థమేమిటో చదువుకున్నవాడినే అడుగుదాం, మాస్టారిని పిలుచుకు రావే అంది.

మాస్టారంటే హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే ఆయన. మా నాన్నకు ప్రాణస్నేహితుడు. వాళ్ళు దూదేకులవారు. మాస్టారి నాన్నగారు విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఏకినంతసేపూ పిల్లాడు మా ఇంట్లోనే మా నాన్నతో ఆడుకుంటూ, నాయనమ్మ కలిపి పెట్టిన ముద్దలు తింటూ పెరిగాడు. ఆమెను పెద్దమ్మా అనేవాడు. మాట విషయంలో మహా పట్టింపు మనిషి. మాట పలికితే సరిపోదు, దాని పుట్టుక తెలియాలి, దాని చుట్టాలెవరో తెలియాలి అని క్లాసులో మమ్మల్ని పీడించేవాడు. మా నాన్న కబురు తెలిసిన దగ్గరనుంచి మాత్రం మా వీధిలోకి రావడం మానేశాడు. నేను వెళ్ళి నాయనమ్మ అడుగుతున్నది చెబితే మొహం పక్కకు తిప్పుకుని, రేపొస్తానని చెప్పమ్మా అన్నాడు. ఆ మాటకు అర్థం ఆయనకు తెలియక గడువు అడగలేదని పెద్దయ్యాక గాని నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. నాయనమ్మ వసారాలో మిరపకాయల గుట్ట ముందు కూర్చుని ఉంది. అమ్మ లోపల వంటింట్లో ఉంది. మాస్టారు చాప మీద కూర్చుని, చేతికి పని కావాలన్నట్టు తనూ తొడిమలు తియ్యడం మొదలుపెట్టాడు. నన్ను దగ్గర కూర్చోమన్నాడు. ఆ మాట గురించి బడిపిల్లలకు చెప్పినట్టే చెప్పుకొచ్చాడు. లేటంటే ఆలస్యం ఒక్కటే కాదట. అదును దాటాక వేసిన వెనకపైరుకు ఆ మాటే వాడతారట, బాగా పొద్దుపోయిన రాత్రికీ అదే మాటట. దానికే తోక తగిలించి లేటెస్ట్ అంటే అన్నిటికంటే కొత్తదని అర్థమట. ఒకే కడుపున పుట్టి, ఒకడు వెనకబడ్డవాడు, ఒకడు ముందున్నవాడు. నాయనమ్మ అన్నీ వింది. ఒక్క ముక్కకు ఇన్ని అర్థాలు పెట్టుకుని వాళ్ళెలా కాపరం చేస్తున్నారయ్యా అని నవ్వింది కూడా. తర్వాత, మరి ఆ మాట మనిషి పేరుకు ముందు పెడితేనో అని అడిగింది.

మాస్టారు చేతిలో కాయను తిప్పుతూ, ఆ మాట పుట్టుక చెబుతానన్నాడు. వాళ్ళ పాత భాషలో దానికి మొట్టమొదటి అర్థం నెమ్మది అనట, నెమ్మదిగా నడిచేవాడనట. ఇంకా వెనక్కి, దాని మూలం దాకా వెళితే అది అలసట అనే మాటకు చుట్టమట.  తర్వాతది ఆయన మాటల్లోనే నాకు గుర్తుంది.

"అలిసిపోయినవాడు నడకలో వెనకబడతాడు పెద్దమ్మా. వాడికోసం కాసేపు చూస్తారు. మరీ అలిసిపోయి దారిలోనే పడుకుండిపోయినవాణ్ణి కూడా ఇంగ్లీషువాళ్ళు లేటనే అంటారు."

నాయనమ్మ వాడు బాగా అలిసిపోయాడా అని మాత్రం అడిగింది. మాస్టారు తలూపాడు. నాకప్పుడు అర్థమైంది. ఎవరూ చెప్పకుండా, ఒక మాట పుట్టుక వింటూ నాకు మా నాన్న చనిపోయాడని తెలిసింది. ఏడుపు రాలేదు. గుట్టలోంచి ఒక కాయ తీసుకుని నేనూ తొడిమ తీశాను.

నాయనమ్మ ఆ తర్వాత అడిగింది మాస్టారు ఊహించనిది. అలా పడుకున్నవాడి పెళ్ళాన్ని ఆ దేశంలో ఏం చేస్తారయ్యా అని అడిగింది. మాస్టారు తను చదివినంతవరకు కొన్నాళ్ళు నల్లబట్టలు కట్టుకుంటారని, అంతకుమించి ఎవరూ ఏమీ చెయ్యరని చెప్పాడు. అప్పుడు నాయనమ్మ చేతిలో కాయ కింద పెట్టింది.

"నాకు తెలియదనుకున్నారట్రా మీరంతా? వచ్చినవాడి మొహం చూసినప్పుడే తెలిసింది. వాడు నా కొడుకు చచ్చాడనలేదు, లేటన్నాడు. ఆ ముక్క పట్టుకున్నాను. అది నేను వదిలిన మర్నాడే నా కోడలి గాజులు పగలగొడతారు."

తర్వాత తన సంగతి చెప్పింది, ఎవరిదో కథ చెబుతున్నట్టు. తాతయ్య పోయినప్పుడు మా నాన్న పాలుతాగే పిల్లాడట. ఒళ్ళో బిడ్డను తీసుకుంటామన్నా ఇవ్వలేదట ఆమె. ఇద్దరు ముసలమ్మలు చెరో చెయ్యి పట్టుకుని గాజులు రోకలికేసి కొట్టారట. ఒక పెంకు ఎగిరివచ్చి బిడ్డ కనుబొమ మీద గుచ్చుకుందట. మా నాన్న కనుబొమ మధ్యలో తెగినట్టు ఒక గాటు ఉండేది, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. ఎత్తుకున్నప్పుడల్లా నేను దాన్ని వేలితో తడిమేదాన్ని. చిన్నప్పుడు తగిలిందిలే అనేవాడు. ఎవరి గాజుముక్క తగిలిందో ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో మాకు తెలియదు. అత్తకు తెలియకూడదని కోడలు, కోడలి చేతులకోసం అత్త ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఒకరి ముందు ఒకరు మొహం చెదరకుండా తిరిగారు. అమ్మ వచ్చి నాయనమ్మ ఒళ్ళో తల పెట్టి గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు వీధి చివరిదాకా వినిపించిందని తర్వాత చెప్పుకున్నారు. నాయనమ్మ కూడా ఏడ్చింది. మాస్టారు మిరప చేతులతో కళ్ళు తుడుచుకుని, మంటకు చూపు ఆనక, నా భుజం పట్టుకుని నూతి దగ్గరకు నడిచాడు. నీళ్ళు తోడి పోస్తే కళ్ళు కడుక్కుంటూ, మీ నాన్న నాకంటే బాగా చదివేవాడే అన్నాడు. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది.

కర్మ జరిగింది. కొడుకుకు పిండం పెట్టించడానికి నాయనమ్మ అడ్డు చెప్పలేదు. అదంతా అయ్యాక పాలివాళ్ళ ఆడవాళ్ళు ఇంట్లోకి రాబోతే లేచివెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బక్కపలచని మనిషి, ఆయాసంతో గుండె ఎగిసిపడుతోంది, రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుంది. మావాడు లేటని షావుకారు మనిషే ఇంటికొచ్చి చెప్పాడు, లేటయినవాడి పెళ్ళాం గాజులు పగలగొట్టే ఆచారం ఎక్కడిదర్రా అని అడిగింది. వాళ్ళు విస్తుపోయారు. ఒక పెద్దావిడకు ఒళ్ళు మండింది. ఇప్పుడేగా పిండం పెట్టించావు, ఇంకా లేటంటావేమిటే అని గద్దించింది.

"ఇంగ్లీషులో రెండూ ఒకటేనంట. మాస్టారినడుగు" అంది నాయనమ్మ.

మాస్టారు దూరంగా, వీధిలో మగవాళ్ళ వెనక నిలబడి ఉన్నాడు. అందరూ అటు తిరిగారు. మనకెందుకులే అని ఆయన తప్పుకుంటే ఎవరూ తప్పుపట్టరు. మాట అర్థాన్ని వెంట్రుకవాసి పక్కకు జరగనివ్వని మనిషి, ఆ రోజు ఊరందరి ముందూ తల వంచుకుని, "అవునమ్మా, రెండూ ఒకటే" అన్నాడు. మా మామయ్య ఏదో అనబోయి అక్క మొహం చూసి ఊరుకున్నాడు. ఆడవాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

దాంతో కష్టాలు తీరాయని చెప్పను. ఆ తర్వాత మా అమ్మను ఏ పేరంటానికీ పిలవలేదు. ఎవరింట్లో పెళ్ళయినా ఎదురు రాకుండా చూసుకునేవాళ్ళు. నా పెళ్ళిలో కూడా ఆమె తలంబ్రాలు చూడటానికి ఒక స్తంభం చాటున నిలబడింది. నిలబడినప్పుడు చేతులకు గాజులున్నాయి, మొహాన బొట్టుంది. అంతమాత్రమే నాయనమ్మ కాపాడగలిగింది. మా నాన్నను కాపాడటం ఎవరి చేతిలోనూ లేకపోయింది.

నాయనమ్మ ఆ తర్వాత నాలుగైదేళ్ళు బతికింది. సాయంత్రం బండి కూత వినబడగానే చేస్తున్న పని ఆపి, స్టేషను దారివైపు చూసేది. బండి దిగినవాళ్ళు ఊళ్ళోకి వచ్చేదాకా అలాగే చూసేది. అన్నీ తెలిసిన మనిషి అలా ఎందుకు చూస్తుందో నాకు అంతుబట్టక ఒకసారి అడిగేశాను. నా జడ సవరిస్తూ, "లేటంటే రెండూనే కదే పిచ్చిదానా" అంది.

మావారు పోయి రెండో ఏడు నడుస్తోంది. కర్మ రోజున మా ఇంటికీ పెద్దవాళ్ళు వచ్చారు, పద్ధతులు గుర్తుచేశారు. ఇప్పుడెవరూ రోకలి తేరు, మెత్తగా, మన మంచికే అన్నట్టు చెబుతారు. నేను గుమ్మంలో నిలబడక్కర్లేకపోయింది. మావారు లేటండీ అని ఊరుకున్నాను. దుఃఖంలో నాకు మాట తడబడుతోందనుకుని వాళ్ళూ ఊరుకున్నారు. సాయంత్రం కూరలు తీసుకుని ఆయన తిరిగొచ్చే వేళకు వీధి గేటు చప్పుడైతే ఇప్పటికీ తల ఎత్తి చూస్తాను. పాలవాడో, పక్కింటి పిల్లలో అయివుంటారని నాకు తెలుసు. తెలిసే చూస్తాను.